గెల వెయ్యని జీలుగు చెట్టు

బస్తరు రాజుల ఏలుబడిలో, బాసగూడకు అవతల మా ఊళ్లో, జీలుగు చెట్టున్న ఇంటికి ఒక గౌరవం ఉండేది. తాటిలా కల్లిచ్చే చెట్టది; నాటిన చాలా ఏళ్లకు గాని గెల వెయ్యదు. గెల వేసి, దాన్ని కోస్తే గాని కల్లు రాదు. మా నాయన ఒకే వానాకాలంలో పెరట్లో రెండు మొక్కలు నాటి, ఒకటి నాదనీ ఒకటి తమ్ముడిదనీ చెప్పాడు. ఒకే మట్టి, ఒకే నీళ్లు. తమ్ముడి చెట్టు ముందు గెల వేసింది.

అప్పటికి నాకు పెళ్లయింది. నాయనకు దగ్గు ముదిరింది; ఇక లేవడని అందరికీ తెలుసు. పొద్దున్నే తమ్ముడు చెట్టెక్కి సొరబుర్ర దింపి, ఆకు డొప్పలో వంచి ఇచ్చేవాడు. అప్పుడే దింపిన జీలుగు కల్లు తియ్యగా ఉంటుంది. నాయన గొంతు దిగేది అదొక్కటే. తాగి మూతి తుడుచుకుని, "సల్లగున్నది బిడ్డా" అనేవాడు. జావ కాచేది నా భార్య, రాత్రంతా వీపు రాసేది నేను. బిడ్డా అన్న పిలుపు మాత్రం వాడికి.

నాయన పోయేలోపు నా చెట్టు కల్లు ఆయనకు దక్కాలని ముత్యాలమ్మకు మొక్కుకున్నాను. రోజూ వెళ్లి మళ్లీ చెప్పేవాణ్ణి. దినచర్య రాసే అలవాటు అప్పటికే ఉంది. ఆ ఎండాకాలమంతా సంత సంగతుల కింద ఒకే ముక్క: గెల లేదు. తమ్ముడి చెట్టుకు రెండో గెల వచ్చింది. అది రాయలేదు.

నాయన కనిపెట్టాడు. "ఎన్నిసార్లు చెప్తవురా ఆ తల్లికి? యాష్టకొస్తది. ఒక్కసారి చెప్పినవు, ఇన్నది. ఇగ ఊకో" అన్నాడు.

"వాని మాట జల్ది ఇన్నది గద."

"వాడు అడగనే లేదు."

అది మరీ మండింది. అడగనివాడికి ఇచ్చి, అడిగినవాణ్ణి నిలబెట్టే తల్లిని నమ్మడమెలా? అయినా నమ్మాను. ఇంకెవరిని అడగాలో తెలియక నమ్మాను.

వానలు పడ్డాక నా చెట్టు మొవ్వులోంచి గెల పొడుచుకొచ్చింది. లేత గెల కోస్తే చెట్టు చెడుతుంది. కొయ్యనా అని అడిగితే నాయన వద్దన్నాడు. అది ముదరకముందే ఆయన పోయాడు. ఆఖరి గుక్క కూడా తమ్ముడి చెట్టుదే. నేను గుడివైపు వెళ్లడం మానేశాను.

గెల ముదిరింది. కోస్తే కల్లు ధారగా దిగింది. మాలో కొత్త చెట్టు మొదటి కల్లు మనుషులు ముట్టరు. ఇంట్లో అందరికన్నా చివర పోయిన పెద్దవారి పేరు చెప్పి నేల మీద పోస్తారు. తమ్ముడి చెట్టుది మా తాత పేరున పోశారు; నాయన పడుకున్న చోటి నుంచి చూశాడంతే. నా చెట్టుది నాయనకే పోయాలి. మొక్కుకున్నప్పుడు నా మనసులో ఉన్నది ఇది కాదు. కానీ ఆ తల్లి ఇచ్చింది, నాకే ఇచ్చింది.

డొప్ప పైకెత్తితే తమ్ముడు దానివైపే చూస్తున్నాడు. అది ఎలాంటి చూపో నాకు బాగా తెలుసు.

"అన్నా, నేను గూడ ఒక చెయ్యెయ్యాల్నా?" అన్నాడు.

కొంచెం పక్కకు జరిగి వాడికి చోటిచ్చాను. డొప్ప మాత్రం వదల్లేదు.