సలీం పేరు కొట్టెయ్యని మా అత్త

మా మేనత్త పోయిందని మొన్న మంగళవారం పొద్దున్నే రాయగడలో మా దుకాణానికి ఫోనొచ్చింది. చేసింది ఆవిడ దగ్గర జీపు నడిపిన సలీం. "అమ్మగారు లేరు" అని తెలుగులో అన్నాడు. అదే మాట ఒడియాలో అన్నాడు, మళ్లీ హిందీలో అన్నాడు. ఏ భాషలో చెప్పినా అతనికి నమ్మకం కుదరనట్టుంది.

అత్త మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు ఆస్పత్రిలో నర్సు. మావయ్య పోయాక, పిల్లలు కూడా లేకపోవడంతో, ముందే రిటైరయ్యి కొరాపుట్ జిల్లాలో లమ్తపుట్ అవతల కొండ ఊళ్ల మధ్య మలేరియాకి చిన్న ఆస్పత్రి పెట్టింది. అవి తొంభైల రోజులు. రెండు గదులు, కొన్ని మంచాలు, ఒక పాత జీపు. ఖర్చంతా విదేశంలోని ఒక దాతల సంస్థ పెట్టుకునేది. ఇంగ్లీషు ఉత్తరాలు రాసిపెట్టడానికి నేను అప్పుడప్పుడూ వెళ్లేదాన్ని.

అత్త స్టెతస్కోపు బిళ్లని అరచేతిలో వెచ్చజేసుకుని గానీ పసిపిల్లల గుండె మీద పెట్టేది కాదు. రోగి రాగానే పేరు రాసుకోబోయిన పనమ్మాయిని "పేరు ఎక్కడికీ పోదు, ముందు నాలిక సూడు" అని కసిరేది. ఆఖరి రోగి వెళ్లేదాకా ఆవిడ టీ అలా చల్లారిపోతూనే ఉండేది.

అమెరికాలో జంట భవనాల మీద దాడులు జరిగిన కొన్నాళ్లకి సంస్థ వాళ్లు కొత్త నిబంధనలు పెట్టారు. తమ డబ్బు తీవ్రవాదుల చేతికి పోవడం లేదని అత్త సంతకం చెయ్యాలి. జీతం తీసుకునే అందరి పేర్లూ పంపాలి, వాటిని నిషేధంలో ఉన్నవాళ్ల పేర్లతో పోల్చి చూస్తారు. అత్త నవ్వింది. "ఈ కొండల్లోకి దోమలు తప్ప ఇంకెవులొత్తారే అమ్మీ?" అంది. పంపేం.

సలీం పూర్తి పేరు ఎక్కడో ఏదో దేశంలో వెతుకుతున్న మనిషి పేరుతో కలిసింది. వయసు వేరు, ఊరు వేరు. అతని రేషన్ కార్డూ, బడి సర్టిఫికెట్టూ పంపేం. జవాబు రాలేదు, డబ్బూ ఆగిపోయింది.

వానలకి ముందు సంస్థ నుంచి ఒకమ్మాయి వచ్చింది. మంచి పిల్ల. మంచం మంచం దగ్గరా కూర్చుంది, మాతో అన్నం తింది. చివరికి నాతో ఇంగ్లీషులో, "వాళ్లు వెతికే మనిషి సలీం కాదని నాకు తెలుసు. కానీ ఆ మాట రాసివ్వడానికి మా లాయర్లు భయపడుతున్నారు. తేడా వస్తే సంస్థే మూతపడుతుంది. సలీంని పనిలోంచి తీసేస్తే వెంటనే డబ్బు పంపుతాం" అంది.

నేను తెలుగులో చెప్తే అత్త, "ఏమని తియ్యమంతాది? తాగేడనా, దొంగతనం సేసేడనా?" అని అడిగింది.  ఆ అమ్మాయిని తిరిగి కొరాపుట్ బస్సు దగ్గర దింపి వచ్చింది సలీమే.

సంగతి అతనికి తెలిసిపోయింది. "నన్ను తీసేయండమ్మా. లారీ తోలుకుని బతుకుతాను" అన్నాడు.

"నీ పేరు నువ్వెట్టుకున్నావేటిరా? మీ అయ్య ఎట్టేడు. అందుకని నిన్ను పొమ్మని, ఆ సేత్తో నాను మందులెలాగిత్తాను?"

"మరి రోగుల మాటేటమ్మా?"

అత్త మందుల బీరువా తెరిచి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం మొదలెట్టింది.

తన పింఛనుతో వానాకాలం సగం దాకా ఆస్పత్రిని లాక్కొచ్చింది. ఆ తర్వాత మందులైపోయాయి, పనివాళ్లు ఒకరొకరే వెళ్లారు, జీపు సంస్థ వెనక్కి తీసుకుంది. ఆస్పత్రికి తాళం పడింది.

ఆ శీతాకాలం అత్తతో నేను లమ్తపుట్ సంతకెళ్తే, అక్కడ ఒక కొండ ఊరి తల్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. జ్వరం మెదడుకెక్కిన కూతుర్ని దూరాన ఉన్న పెద్దాస్పత్రికి మంచం మీద మోసుకుపోతుంటే దారిలోనే పోయిందట. "ఆ డ్రైవర్ని పంపేసుంటే నా పిల్ల ఉండేది కదమ్మా" అంది కొండ ఊళ్ల దేశియా భాషలో. కోపంగా కాదు, అడిగినట్టు. అత్త చెయ్యి విడిపించుకోలేదు. "ఉండేదమ్మా" అంది.

తిరుగు బస్సులో అత్త నా వైపు తిరిగింది. "తప్పు సేసేనేటే అమ్మీ?"

నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలీదు. సలీంని పంపేసుంటే ఆవిడ మా అత్త అయ్యుండేది కాదు. ఆ పిల్ల మాత్రం బతికుండేదేమో.

చాలాకాలానికి సంస్థ ఉత్తరం రాసింది. ఆ పేరుగల మనిషి సలీం కాదని తేలిందట, కానీ ఈ ప్రాంతానికి ఇచ్చే సాయం అప్పటికే ముగిసిందట, విచారిస్తున్నారట. అత్త రెండుసార్లు చదివించుకుంది. "సలీంకి సెప్పు. ఆడు ఆడేనట, ఇంకోడు కాదట" అంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

అప్పటికే కొరాపుట్‌లో అద్దెకి దిగి, వీధి అరుగు మీదే వచ్చినవాళ్లని చూసేది. రక్తం ఎక్కించాల్సిన వాళ్లనీ, స్పృహ లేనివాళ్లనీ పెద్దాస్పత్రికి పొమ్మనేది. పొమ్మన్న ప్రతిసారీ వాళ్లు మలుపు తిరిగేదాకా నిలబడి చూసేది. మునుపటిలా కసరడం మానేసింది. నాకు ఆ కసురే నయమనిపించేది.

దహనం అయిన మర్నాడు నేను కొరాపుట్‌లో అత్త ఇంటి అరుగు కడుగుతున్నాను. కొండల నుంచి ఒకామె వచ్చింది, చంకలో జ్వరంతో మూలుగుతున్న బిడ్డ. "నర్సమ్మ లేదు" అన్నాను ఒడియాలో. ఇంట్లో లేదనుకుంది.  ఆమె పరవాలేదన్నట్టు తలూపి, తడి అరుగు మీద కొంగు పరిచి, బిడ్డని పడుకోబెట్టుకుని, వీధి వైపు చూస్తూ కూర్చుంది.