రోటికి బదులు కిటికీ

విమానంలోంచి మన తీరాన్ని చూసిన కథను మా తోడికోడలు ఇప్పటికి ఎందరికి చెప్పిందో లెక్క లేదు. పెళ్లి పందిళ్లలో చెప్పింది, ప్రార్థన కూటాలయ్యాక టీ తాగుతూ చెప్పింది, ఆసుపత్రి బల్ల మీద పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని వాళ్లకు కూడా చెప్పింది. అది అబద్ధం కాదు. ఆమె చూసిన మాట నిజమే. కానీ ఆ కిటికీ గురించి బేరం ఎవరు చేశారో, ఎవరి బరువు తీసి ఎవరికి ఇచ్చారో, అక్కడి నుంచి మన తీరం కనిపిస్తుందని మొదట చెప్పిందెవరో ఆమె ఎక్కడా చెప్పదు. వినేవాళ్లు చివరకు నా వైపు తిరిగి, "మరి నువ్వేం చూసినావమ్మా?" అని అడుగుతారు. దానికి ఒక్క మాటలో జవాబు లేదు. అందుకే ఇది రాసి పెట్టాలి.

నేను తోటపల్లి గూడూరు పిల్లను. అయిదో తరగతితో నా బడి ఆగిపోయింది. ముత్తుకూరుకు కోడలిగా వచ్చాక అక్కడి శాఖా గ్రంథాలయంలోని బీరువాలను ఒక్కొక్క అరగా చదువుకుంటూ పోయాను. అక్కడికి ఆడవాళ్లు వచ్చేవాళ్లు కాదు. పేపరు చదివే మగవాళ్లు నన్ను చూసి బల్ల కింద కాళ్లు ముడుచుకునేవాళ్లు. కథలు అయిపోయాయి, భూగోళం అయిపోయింది, యంత్రాల పుస్తకాలకు వచ్చాను. విమానం రెక్క పైభాగం వంపుగా ఎందుకుంటుందో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. మా ఆయనకు చెప్పబోతే నిద్రపోయేవాడు.

మా తోడికోడలు బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగింది. తండ్రి ఇంజను డ్రైవరు. పాసు ఉండేది కాబట్టి చిన్నప్పటి నుంచీ మద్రాసుకూ, బెజవాడ దాటి గోదావరి దాకా రైల్లో తిరిగింది, అదీ కిటికీ పక్కన కూర్చుని. పుస్తకం ముట్టదు. బైబిలు కూడా పాస్టరు గారు చదివితే వినడమే. ఊరినుంచి వచ్చిన ప్రతిసారీ గోదావరి వంతెన ఎట్లా ఉందో, బెజవాడ కొండ ఎట్లా ఉందో వంటింట్లో కూర్చుని చెప్పేది. అవన్నీ నేను చదివినవే. అయినా అందరూ ఆమె చుట్టూనే చేరేవాళ్లు. నాకు అసూయగా ఉండేది. ఆ మాటను దాచి రాస్తే ఈ రాత దేనికీ పనికిరాదు.

అరవైల చివర్లో మా ఇద్దరి భర్తలూ, అంటే అన్నదమ్ములిద్దరూ, కలకత్తాలో ఓడలు బాగుచేసే కంపెనీలో పనిచేస్తున్నారు. కుటుంబాలు వచ్చి చేరితేనే క్వార్టరు ఇస్తామని, ఆలస్యమైతే వేరే వాళ్లకు పోతుందని కంపెనీ చెప్పింది. మేం బయలుదేరబోయే సమయానికి వానలకు ఒంగోలు అవతల రైలు కట్ట తెగింది. ఆ కబురు తెచ్చింది మా తోడికోడలి తండ్రే. నెల దాకా బండ్లు నడవవన్నాడు. అప్పుడు కంపెనీ మా ఇద్దరికీ మద్రాసు నుంచి విమానం టిక్కెట్లు పంపింది.

టిక్కెట్లతో వచ్చిన కాగితం నేనే చదివి వినిపించాను. మనిషికి ఇరవై కిలోల సామాను ఉచితం, మించితే కిలోకింత అని కట్టాలి. కిలోలు వచ్చి ఏళ్లయినా మా అత్తకు అవి ఇంకా ఎక్కలేదు.

"ఇరవై కిలోలంటే ఎంత మ్మే?"

"మణుగూ ముప్పావు, అత్తా."

"అంతేనా? నా పెళ్లికి ఒంటెద్దు బండి ఇంతకు పది రెట్లు లాగింది. ఆకాశంలో పొయ్యేదానికి ఇంత పిసినారితనమా!"

మా తోడికోడలు అదేమీ వినలేదు. "నా రోలు తీసుకపోవాల," అంది.

అది పుట్టింటి వాళ్లు ఇచ్చిన చిన్న నల్లరాతి రోలు. దానికి సరిపోయే పొత్రం ఉంది. చిన్నదే గానీ ఎత్తాలంటే నడుం పట్టుకునేది.

"కలకత్తాలో రాళ్లు లేవా అక్కా?" అన్నాను.

"ఉండాయంట. పలక మాదిరి బల్లపరుపుగా ఉంటాయంట. దాని మీద రుబ్బితే పిండి నేల మీద ఉంటది, ఇడ్లీ నీ పుస్తకంలో ఉంటది."

అత్త నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు సామానంతా రైసుమిల్లుకు తీసుకుపోయి కాటా మీద పెట్టించాం. కాటా దగ్గరుండే పెద్దాయన రోలు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఎక్కినాక విమానం లేస్తాదా తల్లీ?" అన్నాడు. గాలి రెక్క కింది నుంచి ఎట్లా నెడుతుందో నేను ఆయనకు చెప్పాను. ఓపికగా విని, "గాలి సంగతి నాకు తెలియదు గానీ, ఇద్దరిదీ కలిపి తూచమని అడగండి. ఒకరి మిగులు ఇంకొకరికి పనికొస్తాది," అన్నాడు. కలిపి తూచినా ఎక్కువే వచ్చింది. కాటా మీద ఇక తీయగలిగినవి రెండే: రోలూ, నా పుస్తకాల కట్టా. కుట్టుపని చేసి ఒక్కొక్కటిగా కొనుక్కున్న పుస్తకాలవి.

"చదివినవే గదా మ్మే," అంది మా తోడికోడలు. "రుబ్బిన పిండిని మళ్లీ రుబ్బుతామా?"

"నువ్వు ఎక్కిన రైలే మళ్లీ ఎక్కలేదా?"

అప్పుడు నాకు ఆలోచన వచ్చింది. గ్రంథాలయంలో విమాన మార్గాల బొమ్మలున్న పెద్ద పుస్తకం ఒకటి ఉండేది. మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే ఎర్రగీత సముద్రం మీదుగా, మన తీరం పక్కనే పోతుంది. ఆ బొమ్మ చూసిన రోజు నుంచీ నాకు ఒకటే కోరిక. మన తీరాన్ని, మ్యాపులో చూసినట్టే, పై నుంచి ఒక్కసారి చూడాలి. పులికాటు సరస్సు, స్వర్ణముఖి కలిసే చోటు, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చే కృష్ణపట్నం కయ్య, ఆ తర్వాత పెన్న కలిసే చోటు. ఈ వరస కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

"సరే అక్కా. పుస్తకాలు తీసేస్తాను. నీ రోలు పెట్టుకో. కానీ విమానంలో ఏ కిటికీ కావాలో ముందు నేనే ఏరుకుంటాను."

"అంతేనా? ఏరుకో. నాకు కిటికీలు కొత్తా ఏంది?"

బేరం కుదిరినందుకు సంతోషించాల్సింది పోయి, ఆ జవాబుకు నా ఒళ్లు మండింది. అత్త మాత్రం, "నేను విన్నాను. మాట మాటే," అని సాక్ష్యం పలికింది.

ఆ సాయంత్రమే గ్రంథాలయానికి పోయి బొమ్మ మీద మళ్లీ వేలు పెట్టి చూశాను. విమానం సముద్రం మీద ఉత్తరానికి పోతుంటే నేల ఎడమ చేతి వైపు ఉంటుంది. గ్రంథాలయం చూసే ఆయన కూడా కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఎడమేనమ్మా, సందేహం లేదు," అన్నారు.

బస్సులో మద్రాసు చేరి, మీనంబాకం విమానాశ్రయంలో సామాను కాటా మీద పెట్టాం. ఇద్దరిదీ కలిపి తూచమని నేనే అడిగాను. ముల్లు హద్దు దాటి ఆగింది. ఎందుకు దాటిందో అర్థం కాక పెట్టె మూత తెరిస్తే, నా పుస్తకాలు తీసిన చోట చింతపండు బుట్ట, ఎండు రొయ్యల మూట కనిపించాయి.

"ఖాళీ ఉండింది గదా అని పెట్టినాను," అంది మా తోడికోడలు, నా మొహం చూడకుండా.

బల్ల వెనక ఉన్నాయన తమిళాయన. కట్టాల్సిన రుసుము చెప్పాడు.

"మనిషి బరువుకు డబ్బు అడగరు గానీ రాయి బరువుకు అడుగుతారా?" అంది ఆమె. "నాకంటే లావుగా ఉండాడే ఆ సేటు, ఆయన్ని తూచినారా? ఆయనకంటే నేను తగ్గిన బరువు నాకు లెక్కేసుకో అన్నా."

వరసలో వెనకున్న వాళ్లు నవ్వారు. ఆ సేటు కూడా నవ్వాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె మాత్రం పెట్టెలోంచి పొత్రాన్ని తీసి, దుప్పటి ముక్కలో చుట్టి చంకన పెట్టుకుంది.

"చేతిలో ఉంచుకునేది సంచీనో పిల్లనో అయితే సరేమ్మా," అన్నాడు తమిళాయన. "ఇది రాయి కదా?"

"పిల్లే అనుకో అన్నా. ఏడవదు, పాలడగదు."

ఆయన చేత్తో పొమ్మన్నట్టు సైగ చేశాడు. రుసుము కట్టే పని లేకుండా ఆమె రోలూ, పొత్రమూ, చింతపండూ, రొయ్యలూ అన్నీ బయలుదేరాయి. నా పుస్తకాలు తప్ప.

విమానంలో ఎవరి సీటు ఎక్కడో రాసి లేదు. ముందు ఎక్కిన వాళ్లకు దొరికింది దొరికినట్టు. నేను చీర కుచ్చిళ్లు పట్టుకుని గబగబా నడిచి, రెక్క అడ్డం రాకుండా వెనక వరసలో ఎడమ వైపు కిటికీ పట్టుకున్నాను. పక్కన కూర్చోమన్నట్టు మా తోడికోడలి వైపు చూశాను.

"నీ పక్కన కూర్చుంటే కలకత్తా దాకా రెక్క గురించి చెప్తావు," అని నడవ దాటి అవతలి వైపుకు పోయింది. అక్కడ కిటికీ సీటు ఖాళీగా ఉంది. ఎవరూ బేరం ఆడని కిటికీ. పొత్రాన్ని ఒళ్లో పెట్టుకుని, దాని మీద చేతులు పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

విమానం లేచింది. ఒక నిమిషం సముద్రం నా కిటికీలోకి వచ్చి పోయింది. తర్వాత రాలేదు. చెరువులు, పచ్చటి మళ్లు, ఆ వెనక ఎర్రనేల, దూరంగా కొండల వరస. వెలికొండలని గుర్తుపట్టాను. అవి పడమర ఉంటాయి. అంటే నేను చూస్తున్నది పడమర. మరి సముద్రం? పిప్పరమెంట్లు పంచుతూ వచ్చిన ఎయిర్ హోస్టెస్‌ను నాకొచ్చిన తమిళంలో అడిగాను. నడి సముద్రం మీద మబ్బు దట్టంగా ఉందని, ఈ రోజు నేల మీదుగా పోతున్నామని చెప్పింది.

బొమ్మ తప్పు కాదు. ఈ మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. తప్పు ఆ రోజు మబ్బుది.

అప్పుడే అవతలి వైపు నుంచి కేక వినపడింది. "ఏమ్మే! సముద్రం! ఉప్పు పండే కయ్యలు నీళ్లు నిండి అద్దాల మాదిరి ఉండాయి! పడవలు చూడు, వడ్లగింజలంత ఉండాయి!"

"నాకు తెలుసులే అక్కా," అన్నాను. "మ్యాపులో చూశాను."

"మ్యాపులో ఇట్ట మెరుస్తాదా?"

ఇంకొంచెం సేపు కొండల్నే చూశాను. ఆమె ఆగలేదు. కృష్ణపట్నం కయ్య అంది. వంపు తిరిగింది అంది. ఆ మాటలు వింటూ కూర్చోవడం నా వల్ల కాలేదు. బెల్టు విప్పి నడవ దాటి పోయి ఆమె మీదికి వంగాను. ఆ కిటికీ చిన్న పళ్లెమంత ఉంది. అందులో ఆమె తల నిండుగా ఉంది.

"కొంచెం తల తియ్యి అక్కా."

"ఉండు, మనూరు వస్తా ఉండాది. ఇది పట్టుకో." పొత్రం నా చేతుల్లో పెట్టింది.

ఊగుతున్న విమానంలో, నడవ మధ్యలో, ఆమె పొత్రాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని నిలబడ్డాను. నాకు కనిపించింది ఆమె కొప్పు, చెవి కమ్మ, ఆమె గడ్డం కింద చిటికెన వేలంత వెలుతురు. అది నీళ్లో ఆకాశమో ఇప్పటికీ చెప్పలేను.

"పెన్నమ్మా!" అంది ఆమె. "వరద నీళ్లు సముద్రంలోకి, ఎవరో టీ ఒంపినట్టు పోతా ఉండాయి. నీలంలో ఎర్రగా. అబ్బ!"

అంత మంచి పోలిక నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అది కూడా ఆమెకే దొరికింది. కూర్చోమని ఎయిర్ హోస్టెస్ వచ్చి నా భుజం తట్టింది. నేను సీట్లోకి వచ్చేసరికి రెండు వైపులా తెల్లటి మబ్బు కమ్మింది. పొత్రం నా ఒళ్లోనే ఉండిపోయింది. చల్లగా, బరువుగా, కలకత్తా దాకా.

మేం సమయానికి చేరాం, క్వార్టరు దక్కింది. కట్ట బాగయ్యాక నా పుస్తకాలు రైలు పార్సెల్లో వచ్చాయి. రోలు కూడా అట్లాగే రాగలిగేది. ఆ మాట నేనంటే, "అందాకా మీరు ఏం తినేవాళ్లు?" అని ఆమె అడిగింది. అప్పటికి ఆమె రుబ్బిన చట్నీ నా పళ్లెంలోనే ఉంది. మళ్లీ ఇద్దరమూ విమానం ఎక్కలేదు. ఇన్నేళ్లలో ఆమె కథ చెప్పేటప్పుడు పెన్నను ముందు పెట్టి, కృష్ణపట్నాన్ని తర్వాత పెడుతుంది. "ముందు కృష్ణపట్నం వస్తుంది అక్కా," అంటాను. "నువ్వు చూసినావా?" అంటుంది. అంతటితో నా చదువంతా కూర్చుంటుంది.

ఇది రాయడానికి సాయపడిన వాళ్లకు కృతజ్ఞతలు చెప్పాలి. ఎడమేనమ్మా అని ధైర్యం చెప్పిన గ్రంథాలయం ఆయనకు. కలిపి తూచమని దారి చూపిన రైసుమిల్లు పెద్దాయనకు. బేరానికి సాక్ష్యంగా నిలబడి, పోయేదాకా మాట మార్చని మా అత్తకు. రాయిని పిల్లగా ఒప్పుకున్న మీనంబాకం తమిళాయనకు. తన లావును ఎగతాళి చేసినా నవ్విన సేటుకు. నిజం చెప్పి పిప్పరమెంటు ఇచ్చిన ఎయిర్ హోస్టెస్‌కు. ఇందులో తీరం గురించి ఉన్నదంతా, అద్దాలూ వడ్లగింజలూ ఒంపిన టీ, మా తోడికోడలి మాటలే. ఇది రాసేముందు ఆమెను కూర్చోబెట్టి, మళ్లీ ఒకసారి నిదానంగా చెప్పించుకున్నాను. నదుల వరస మాత్రం నేను దిద్దాను. వీళ్లందరినీ పేరుపేరునా తలుచుకోవడమే మర్యాద. కానీ పేర్లు రాస్తే ఆమె పేరూ రాయాలి. ఆ కిటికీ ఆమెకే పోయింది. ఈ కాగితం ఒక్కటైనా నాకు ఉండనీ.