ఏడో కుట్టు

మా బావవి డేగ కళ్ళు. ఈ మాట అనేది నేను కాదు, ఆయన పనిచేసే సీసాల ఫ్యాక్టరీ వాళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఉద్యోగం ఒక్కటే. తెల్లటి లైటు ముందు నుంచి సీసాలు వరసగా కదిలిపోతుంటే, పగులున్నదాన్నీ మసకబారినదాన్నీ పట్టి పక్కన పడెయ్యడం. ఏదైనా సీసా మీద అనుమానం వస్తే దాని మెడ పట్టుకుని, మెల్లిగా లైటు వైపు తిప్పి చూస్తాడు. ఆయన చెయ్యి దాటి ఒక్క మసక సీసా కూడా బయటికి పోలేదని ప్రతి ఏడాదీ ఫ్యాక్టరీ వాళ్ళు ఓ కాగితం ఇస్తారు. అవన్నీ హాల్లో గోడకి తగిలించి ఉంటాయి.

అంతటి కళ్ళున్న మనిషి ఇంట్లో ఏం వెలగబెట్టాడో చెప్తాను. నా గొంతు కాస్త పెద్దగా వినిపిస్తే ఏమీ అనుకోవద్దు. నేను బస్సు కండక్టర్ని. పొద్దున్నించి సాయంత్రం దాకా "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అరిచే ప్రాణం నాది. అక్కావాళ్ళు పై వాటాలో ఉంటారు, నేను కింది వాటాలో. పైన చెంచా కింద పడినా నాకు వినిపిస్తుంది.

మా అక్క కుట్టుపని మనిషి. సినిమాలకి దుస్తులు కుట్టే షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. అక్కడ కిటికీ పక్క కుర్చీ ఆమెది. ఆ కుర్చీ అంటే మాటలు కాదు. ముప్ఫైమంది కుట్టేవాళ్ళకి ఉన్న పెద్ద కిటికీ ఒక్కటే. పూసలు గుచ్చడం, చిరుగు కనపడకుండా కలపడం లాంటి సన్న పనంతా ఆ వెలుగులోనే జరుగుతుంది. అక్కడ కూర్చున్న మనిషికి చూపు తగ్గిందని తెలిస్తే వెనక గదిలో బొత్తాలు ఏరే బల్ల దగ్గరికి పంపేస్తారు. అలా వెళ్ళినవాళ్ళు తిరిగి కిటికీ దగ్గరికి రావడం అక్క ఇంతవరకూ చూడలేదు.

అక్క చూపు తగ్గి రెండేళ్ళయింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేస్తే శుభ్రంగా కనిపిస్తుందని కంటి డాక్టరమ్మ చెప్పింది. కానీ నెల రోజులు సూది ముట్టుకోకూడదంది. ఆ మాట దగ్గరే అక్క బిగుసుకుపోయింది. నెల రోజులు కుర్చీ ఖాళీ అయితే ఎవరో ఒకరు కూర్చుంటారు, కూర్చున్నవాళ్ళు లేవరు, ఇక తన బతుకు బొత్తాలపాలే అని ఒకటే భయం. ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఎవరికీ చెప్పనని తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. నాకా కడుపులో మాట దాగదు. ఆ రెండేళ్ళూ ఎలా గడిపానో నాకే తెలియాలి.

అసలు చెప్పాల్సిన అవసరమేముంది! కళ్ళున్నవాడికి కనపడదూ? మెట్లు దిగేటప్పుడు కాలి బొటనవేలితో అంచు తడుముకునేది. టీ పోస్తే సగం కప్పులో, సగం సాసర్లో. ఉప్పో పంచదారో నాలిక మీద వేసుకుని చూశాకగానీ గిన్నెలో వేసేది కాదు. బావ ఒకసారి అది చూశాడు. చూసి ఏమన్నాడో తెలుసా? "ఏమేవ్, నీకు తీపి తినడం మరీ ఎక్కువైంది" అన్నాడు. అని మళ్ళీ ఫోన్లో తల పెట్టాడు. కింద నేను చీపురుతో నేల పగలగొట్టినంత పని చేశాను.

ఆ ఫోన్లో ఏముందంటే ఓ సినిమా. ఇంకా రాలేదు, వచ్చే ఏడాది వస్తుందట. పొగమంచులో కోట, రెక్కల గుర్రాలు, నిప్పులు కక్కే పాము, వీటన్నిటి మధ్యా ఓ రాణి. అప్పటికి వాళ్ళు వదిలినవి మూడే మూడు బొమ్మలు. ఆ మూడు బొమ్మల కోసం మూడు వేలమంది గుంపు కట్టి కథ ఏమై ఉంటుందా అని కొట్టుకు చస్తున్నారు. ఆ గుంపులో మా బావ పేరు సేనాని. యాభై నాలుగేళ్ళ మనిషి! సీసాల్లో పగుళ్ళు పట్టే కళ్ళు కదా, బొమ్మని పెద్దది చేసి చూడటంలో ఆయన్ని మించినవాడు లేడట. ఏ సందేహం వచ్చినా "సేనాని చెప్పాలి" అంటారట. ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన కాగితాలు పక్కకి జరిపి, మూడో బొమ్మని తలుపంత అచ్చు వేయించి హాల్లో అతికించాడు.

ఆ మూడో బొమ్మలో రాణి పక్కకి తిరిగి నిలబడి ఉంటుంది. బూడిదరంగు పొడవాటి అంగీ. భుజం మీద వెండి దారంతో ఏడు కుట్లు. ఆరు కుదురుగా ఉన్నాయి. ఏడోది వంకరగా కిందికి జారిపోయింది. అంతే ఉంది అక్కడ.

అంతేనా? అమ్మో! ఏడు కుట్లంటే ఏడు రాజ్యాలట. జారిపోయింది వెన్నుపోటు పొడిచిన రాజ్యమట. కాదు, అది పాము గూటికి దారి చూపే పటమట. అదీ కాదు, రాణికి ఏడుగురు అన్నదమ్ములట, చిన్నవాడు బతికే ఉన్నాడట. వారం రోజులు ఇదే గోల. బావ మెట్ల మీద నన్ను ఆపి మరీ చెప్పేవాడు.

"మరదలా, మామూలు దారం వెయ్యకుండా వెండి దారమే ఎందుకు వేశారంటావు?"

"మామూలు దారం అయిపోయిందేమో బావా. నాకు డ్యూటీ టైమైంది, దారివ్వండి."

"నీకు తమాషాగా ఉంది. అంత పెద్ద సినిమాలో ఊరికే వేస్తారా? ప్రతిదానికీ ఓ లెక్కుంటుంది."

ఆ లెక్కేమిటో ఆ ఆదివారమే అక్క నాకు చెప్పింది. కిందికొచ్చి, తలుపు వేసి, నా చెవిలో అంది.

"అది నేను వేసిన కుట్టేనే."

షెడ్డుకి వచ్చే పనులకి పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఏ దుస్తులు కుడుతున్నదీ ఇంట్లో కూడా చెప్పబోమని సంతకాలు పెట్టించుకుంటారు. బావ నోట ఆ ఏడు కుట్ల గోల వినేదాకా తను కుట్టింది ఏ సినిమాకో అక్కకీ తెలియదు. బొమ్మలు తీసిన రోజు రాణి వేషం వేసినావిడ భుజం దగ్గర అంగీ ఏదో కొక్కేనికి తగులుకుని చిరిగింది. కుట్టడానికి అక్కని పిలిచారు. అన్ని వైపులా పెద్ద దీపాలు, ఆ పొర పట్టిన కళ్ళలోకి సూటిగా కొడుతున్నాయి. పది నిమిషాలు టైమిచ్చారు. ఒంటి మీద ఉండగానే నిలబడి కుట్టాలి. బూడిదరంగు దారం అనుకుని వెండి దారం తీసింది. తడుముకుంటూ ఆరు కుట్లు వేసింది. ఏడోది వేసేసరికి చిరుగు ఎక్కడ అయిపోయిందో కనపడలేదు. కెమెరా వాళ్ళు తొందరపెడుతుంటే వచ్చేసింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఈ మాట బావకి చెప్పి నీ కళ్ళ సంగతి కూడా చెప్పెయ్యవే" అన్నాను. "చెప్తే ఆయన ఆపరేషన్ అంటాడు, నా కుర్చీ పోతుంది" అంది. పట్టిన పట్టు వదిలితేగా!

నెల తిరిగింది. ఆ గోల సినిమా వాళ్ళ చెవిన పడింది. ఆ కుట్టు జనానికి అంత నచ్చితే రాణి అంగీలన్నిటికీ ఉండాల్సిందే అన్నారు. అలాంటి అంగీలు ఇంకో మూడు ఉన్నాయి. చిరిగిన అసలు అంగీ షూటింగుకి ఎక్కడికో వెళ్ళిపోయింది. షెడ్డులో కటింగ్ మాస్టర్ మూడు భుజం ముక్కలు అక్క చేతిలో పెట్టాడు. "సోమవారం పొద్దున్నకి కావాలమ్మా. బొమ్మ చూసి అచ్చం అలాగే వెయ్యి. వేసింది నువ్వేగా!" అన్నాడు.

చూసి వెయ్యాలట. ఆవిడకి బొమ్మలో రాణే అలికినట్టుంటే, కుట్లు ఎక్కడ కనిపిస్తాయి?

ఆదివారం పొద్దున బావ గుంపువాళ్ళని కలవడానికి వెళ్ళగానే అక్క నన్ను పైకి పిలిచింది. గోడ మీది బొమ్మ నేను చూసి చెప్పాలి, తను వెయ్యాలి.

"మొదటిది కాస్త నిలువుగా ఉందే."

"కాస్తంటే?"

"కాస్తంటే కాస్తే! ఇదిగో, ఇలా."

"ఇలా అంటే నాకెలా తెలుస్తుందే?"

టిక్కెట్లు కొట్టమంటే కొడతాను గానీ నాకు కుట్లేం తెలుసు! గంటసేపు అరుచుకున్నాం. రెండుసార్లు కుట్టింది, రెండుసార్లూ విప్పింది. వేలికి సూది గుచ్చుకుని రక్తం కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో బావ.

"ఏడోది అలా కాదు!" అన్నాడు ముందు. తర్వాత అక్క ఒళ్ళో ముక్కలు చూశాడు. బొమ్మ చూశాడు. మళ్ళీ ముక్కలు చూశాడు.

దాచడానికి ఇంకేముంది? "ఆ కుట్టు నేనే వేశానండీ. చిరిగితే వేశాను" అంది అక్క.

భూమ్మీద ఏ మొగుడైనా అప్పుడు ఏమంటాడు? మా బావ మోకాళ్ళ మీద కూలబడి, కళ్ళు ఇంతింత చేసుకుని "అయితే చెప్పు, ఏడో రాజ్యం ఏది?" అన్నాడు.

"రాజ్యం లేదు, నా మొహం లేదు. చిరిగింది, కుట్టాను."

"నీకలా చెప్పి ఉంటారు. అసలు సంగతి పైవాళ్ళకి తెలుస్తుంది."

నా ఒళ్ళు మండిపోయింది. చేతిలో టిక్కెట్ మిషన్ లేదు గానీ ఉంటే ఆయన నెత్తిన పెట్టి కొట్టేదాన్ని. "బావా, ముందు దాని పని కానివ్వండి. మీకా కుట్లు కంఠతా వచ్చుగా, చెప్పండి" అన్నాను.

చెప్పాడు. అక్కడ మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. బొమ్మ వంక చూడనైనా చూడలేదు. "మొదటిది గోరు వెడల్పు, నిలువు. రెండోది దానికి బియ్యపు గింజంత ఎడం, కుడికి వంపు..." అలా చెప్పుకుపోతుంటే అక్క ఎడమ చేతి గోరుతో గుడ్డ మీద కొలుచుకుంటూ కుట్టింది. ఆరూ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చుని ఒకే పని చెయ్యడం నేను చూసి ఎన్నాళ్ళయిందో.

"ఇక ఏడోది" అన్నాడు బావ. "చెప్తాను గానీ, ఒక్కటి చెప్పు. అది వేసేటప్పుడు మనసులో ఏమనుకున్నావు? ఎందుకలా కిందికి దించావు?"

అక్క సూది దించింది. ఎదురుగా ఉన్న మొగుడి మొహం వైపు కాదు, దానికి కాస్త పక్కకి చూస్తూ అంది.

"ఏమీ అనుకోలేదండీ. నాకు కనపడలేదు."

బావ ఇంకాస్త ముందుకి వంగాడు. కాసేపు అక్కనే చూశాడు. తర్వాత చెయ్యి చాపి, అక్క గడ్డం పట్టుకుని, మెల్లిగా కిటికీ వెలుగు వైపు తిప్పాడు. ఇరవై ఆరేళ్ళుగా సీసాలని ఎలా తిప్పుతాడో అలాగే. ఒక కన్ను చూశాడు. రెండో కన్ను చూశాడు.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

మా బావ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నేను ఆ రెండేళ్ళూ కూడబెట్టుకున్న తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన ఫోను మోగుతూనే ఉంది, సేనాని ఏం తేల్చాడని మూడు వేలమంది అడుగుతున్నారు. తీసి దిండు కింద పెట్టేశాడు. ఏడో కుట్టు అక్కే వేసింది, ఆయన చెప్పకుండానే. మూడు ముక్కల మీదా అచ్చం అలాగే కిందికి జారింది.

మర్నాడు ఇద్దరూ షెడ్డుకి వెళ్ళి ముక్కలిచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మాస్టర్ మంచివాడే. కానీ "నెల రోజులు కుర్చీ ఖాళీగా ఉంచలేనమ్మా, పని ఆగదు" అన్నాడు. అక్క ఇంటికొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. అయినా ఆపరేషన్‌కి వెళ్ళింది. బావ చెయ్యి వదిలితేగా వెళ్ళకపోవడానికి! అన్ని సెలవులూ ఒకేసారి వాడేశాడు. కంట్లో చుక్కలు వేసే వేళలు కూడా సేనానిలాగే కంఠతా పట్టాడు. ఇరవై రోజుల తేడాలో రెండు కళ్ళూ అయ్యాయి.

డాక్టరమ్మ ఇక విశ్రాంతి చాలన్న రోజున అక్క హాల్లో నిలబడి ముందు మొగుణ్ణి చూసింది. "ఏమండీ, జుట్టంతా ఎప్పుడు తెల్లబడింది?" అంది. తర్వాత గోడ మీది బొమ్మ చూసింది. దగ్గరికి వెళ్ళింది. నేను చెప్పబోయేది అబద్ధమైతే ఒట్టు.

"ఏడెక్కడివి? ఎనిమిది ఉన్నాయి" అంది.

నిజమే. జారిన కుట్టు చివర, గుడ్డ మడతలో, చీమ తలంత కుట్టు ఇంకోటి ఉంది. మామూలుగా దారం చివర గుడ్డ వెనక ముడివేస్తారు. అప్పుడు ఒంటి మీదున్న అంగీ కావడంతో లోపలికి చెయ్యి పోక, పైనే చిన్న కుట్టు వేసి తెంపింది. తర్వాత తనే మర్చిపోయింది. బావ బొమ్మకి ముక్కు ఆనించి చూసి, అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాడు.

"మూడు వేలమంది చూశాం, నేను రోజూ చూశాను. ఏడు అని ఒకసారి అనేసుకున్నాక మళ్ళీ లెక్కపెట్టలేదు మరదలా" అన్నాడు. గుంపులో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళింకా ఏడు రాజ్యాల దగ్గరే ఉన్నారు.

అక్క అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "ఆ మూడింటికీ ఎనిమిదోది లేదు. తేడా పట్టుకుంటే మాస్టర్ మాటపడతాడు" అంటూ బయల్దేరింది. వెంట నేనూ వెళ్ళాను. ఈసారి మెట్లు టకటకా దిగింది.

షెడ్డులో కిటికీ పక్క కుర్చీలో ఎవరో చిన్నపిల్ల కూర్చుని పూసలు గుచ్చుతోంది. అక్క అటు చూసి, చూపు తిప్పుకుంది. మాస్టర్‌కి బొమ్మ చూపించి సంగతి చెప్పింది. ఆయన నమ్మలేదు. భూతద్దం తెప్పించి చూశాడు, మూడు అంగీలూ తెప్పించి చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, "అమ్మాయ్, అటు జరుగు. ఆవిణ్ణి కూర్చోనీ" అన్నాడు.

జరగండి, జరగండి అని నేను రోజుకి వెయ్యిసార్లు అరుస్తాను, ఒక్కళ్ళూ కదలరు. ఆ పిల్ల ఒక్క మాటకి లేచి జరిగింది. అక్క తన కుర్చీలో కూర్చుని, దారం తీసి, సూది వెలుగుకి ఎత్తి పట్టుకుని ఒక్కసారికే ఎక్కించింది.