దిగిన రాత్రికి ఒక చాప

నా చిన్నప్పుడు మా గల్లీలో మనిషి కంటే ముందు మూట ప్రయాణం కట్టేది. ఊరికి పోవలసిన రోజున మంచి ఘడియ లేకపోతే, అది ఉన్న రోజునే ఆ మనిషివి నాలుగు బట్టలు, గుప్పెడు బియ్యం మూటగట్టి, పోవలసిన దిక్కున ఉన్న ఎవరింట్లోనో పెట్టి వచ్చేవారు. దాన్ని ప్రస్థానం పెట్టడం అనేవారు. మూట గడప దాటిందంటే ప్రయాణం మొదలైనట్టే. ఆ తర్వాత మనిషి తన వీలు చూసుకుని వచ్చి, మూటను చేతబట్టుకుని సాగిపోవచ్చు. యాకుత్‌పురాలో మా ఇల్లు గల్లీకి తూర్పు కొస. అందుకని తూర్పుకు పోయేవాళ్ళ మూటలన్నీ మా నడింట్లోనే దిగేవి. కదలని మా ఇంట్లో ఎప్పుడూ ఎవరిదో ఒకరి ప్రయాణం గోడకు ఆనుకుని కూర్చుని ఉండేది.

ఈ మాటలు రాయడానికి ఇప్పుడు ఓపిక చాలడం లేదు. రోజుకు ఒక పేజీ డైరీ రాసే అలవాటు మాత్రం పోలేదు కనుక, ఆ పేజీల్లోనే కొంచెం కొంచెంగా రాస్తున్నాను. మొన్న మా మనవరాలు ఆసియా దేశాల రాజధానులను యాత్రికులకు పరిచయం చేసే చిన్న పుస్తకం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏ ఊళ్ళో ఏ గోపురం చూడాలో, ఏ వీధిలో ఏం తినాలో అన్నీ ఉన్నాయి. బళ్ళో ఎన్నో ఏళ్ళు భూగోళం చెప్పినదాన్ని కదా, సంతోషిస్తాననుకుంది. నేను నాలుగు పుటలు తిప్పి పక్కన పెట్టాను. పక్కింటి అక్క అడిగిన సంగతి అందులో ఎక్కడా లేదు.

పక్కింటి అక్కకు మా ఇల్లు, తన ఇల్లు అన్న తేడా ఉండేది కాదు. రెండిళ్ళకూ కలిపి వీధివైపు ఒకటే పొడుగాటి అరుగు. ఆమె పెనిమిటి బర్మాలో, రంగూన్‌లో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆయన వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళకు పంపించమని కబురు చేశాడు. వాళ్ళవైపు చుట్టాలు ఓడ ఎక్కుతున్నారు, వాళ్ళతో కలిసి రావాలి. ఇప్పుడు రాకపోతే ఇంకో పిల్లను చూసుకుంటామని అత్తగారు నలుగురిలో అననే అంది. అక్క మూట, వాళ్ళమ్మ పాత ఆకుపచ్చ చీర ముక్కలో కట్టింది, మా నడింట్లోకి వచ్చి చేరింది.

రెండో రోజు పొద్దున్నే అక్క వచ్చి మా తాతయ్య ముందు నిలబడింది. నేను పక్కనే పళ్ళు తోముకుంటున్నాను.

"నా మూట నాకియ్యి తాతా. నేను పోను."

"మూట బయలెల్లింది గదనే. నువ్వే ఎనకబడ్డవు," అన్నాడు తాతయ్య.

ఆమె నవ్వలేదు. ఓడంటే భయమా అని అడిగితే కాదంది. సముద్రం కూడా కాదట. "ఆ చుట్టాలు ఓడ దిగంగనే వాళ్ళ తొవ్వన వాళ్ళు పోతరు. ఆయన ఆ పొద్దు రాకపోతే? చీకటి పడితే నేను యాడ పండాలె తాతా? గా ఊర్ల నాకెవరున్నరు?" అంది. అప్పటిదాకా ఇంట్లో ఆమెను అందరూ బెదిరించారు, బతిమాలారు. ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగనివ్వలేదనుకుంటాను. అడిగేసి అరుగు అంచున కూలబడింది.

తాతయ్య సర్కారు కచేరీలో ముంషీగా పనిచేసి ఇంటి పట్టున ఉంటున్నాడు. సికింద్రాబాద్ దాటి ఎరుగడు. రంగూన్ సంగతి ఆయనకేం తెలుసు? చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి ఒక శాస్త్రం చెప్పాడు.

"సరే, తీస్కపో. గని బయలెల్లిన మూటను ఎనక్కి మళ్ళిస్తె దోషమున్నది. నాలుగు రాజధానుల మనుషుల చేతికెల్లి తలా ఒక వస్తువు తెచ్చి ఆ మూటల ఎయ్యాలె. అప్పుడు గని దోషం పోదు."

"నాలుగు రాజధానులా? ఏవేవి?"

"బగ్దాద్, తెహ్రాన్, చీనావోళ్ళది, కాబూల్."

"గవ్వి యాడున్నయ్ తాతా!"

"మన షహర్లనే ఉన్నయ్. చెప్పులేస్కో."

అక్క నా చెయ్యి పట్టుకుంది. ఒంటరిగా తాతయ్య వెంట పోవడానికి మొహమాటమేమో. అలా నేనూ బయలుదేరాను. తాతయ్యకు మోకాళ్ళ నొప్పి. నాలుగడుగులకోసారి ఆగేవాడు. ఆగిన ప్రతిచోటా మేమూ ఆగాము. ఆ రోజంతా నాకు నడిచినట్టు కంటే నిలబడినట్టే గుర్తు.

బగ్దాద్ మా గల్లీ మొదట్లోనే దొరికింది. అక్కడి తెల్ల ఇంట్లో ఒక ముసలి బీబీ ఉండేది. పెనిమిటితో కలిసి జియారత్‌కు, అంటే దర్గాల యాత్రకు, బగ్దాద్ పోయి వచ్చింది. తాతయ్య పరదా ఇవతల నిలబడి సలాం చేసి, దర్గాల గురించి అడగలేదు. ఊళ్ళో దిగిన రాత్రి కొత్త మనిషి ఎక్కడ పడుకోవాలి అని అడిగాడు. పరదా వెనక నుంచి నవ్వు వినిపించింది. ఎండకాలం బగ్దాద్ మొత్తం మిద్దెల మీదే పడుకుంటుందట. సత్రం దొరక్క తిరుగుతుంటే ఒకావిడ చెయ్యి పట్టి మెట్లెక్కించి, తన పిల్లల పక్కన జాగా చూపించిందట. "ఆమె మాట నాకు తెల్వదు, నా మాట ఆమెకు తెల్వదు. పైన ఆసమాన్ ఒకటే," అంది బీబీ. పరదా కింద నుంచి ఒక ఖర్జూరం అక్క చేతికిచ్చింది.

అఫ్జల్‌గంజ్ దాకా వెళ్ళేసరికి ఎండ ముదిరింది. అక్కడ ఇరానీ చాయ్ దుకాణం. ఆడవాళ్ళు లోపలికి పోయే చోటు కాదు కనుక మేము వాకిట్లో నిలబడ్డాము. యజమాని బయటికి వచ్చి, తాతయ్య ప్రశ్న విని తల అడ్డంగా ఊపాడు. ఆయన తెహ్రాన్ చూడనే లేదు. ఆయన ఊరు యజ్ద్, దక్షిణాన ఎడారిలో. "సేఠ్, మీకు ఢిల్లీ తెలుసునా? నాకు తెహ్రాన్ గట్లనే," అన్నాడు. కానీ ఆయన మామ వెళ్ళాడట. ఆ ఊళ్ళో వీధుల వెంబడి సన్నటి కాలువల్లో కొండనీళ్ళు పారుతుంటాయనీ, మామ దిగిన రాత్రి ఆ కాలువ గట్టునే ఒక చెట్టు మొదట్లో పడుకున్నాడనీ, ఒక రొట్టెల దుకాణంవాడు పొద్దున్నే వచ్చి వేడి రొట్టె చేతిలో పెట్టి లేపాడనీ చెప్పాడు. నాకూ అక్కకూ చెరొక చక్కెర గడ్డ ఇచ్చాడు. నేను తినేశాను. అక్క కొంగున ముడి వేసుకుంది.

అక్కడికి కొంచెం దూరంలోనే పట్టు గుడ్డలు అమ్మే చీనా మనిషి సైకిలును గోడకు ఆనించి, నేలమీద గుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. మీ రాజధానిలో అని తాతయ్య మొదలుపెట్టగానే అతను చెయ్యి ఊపి ఆపేశాడు. తను బయలుదేరినప్పుడు రాజధాని ఒకచోట ఉండిందట, తర్వాత ఇంకో ఊరికి పోయిందట, ఇప్పుడు అక్కడ కూడా లేదంటున్నారట. "రాజధాని భీ మేరే మాఫిక్. ఘూమ్‌తా," అని నవ్వాడు. తనలాగే అదీ తిరుగుతోందని. ఆ నవ్వులో ఎంత అలసట ఉందో అప్పుడు నాకు తెలియలేదు. దిగిన రాత్రి ఎక్కడైనా సరే, మూటను తల కింద పెట్టుకుంటే చాలు, నిద్ర వస్తుందని చెప్పాడు. ఎర్ర పట్టు దారం కొంచెం తెంపి ఇచ్చాడు.

బేగంబజార్‌లో కాబూలీవాడిని చేరేటప్పటికి తాతయ్య మాట్లాడే స్థితిలో లేడు. ఇంగువ బస్తాల మధ్య ఆ మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. తాతయ్య ఒగరుస్తుంటే ముందు నీళ్ళిచ్చాడు. కాబూల్‌లో చలి ఎముకలు కొరుకుతుందనీ, కొత్తవాడు చాయ్ దుకాణంలో చాయ్ నీళ్ళు మరిగే పెద్ద రాగి సమోవార్ దగ్గర వీపు కాచుకుంటూ కూర్చుంటే పొద్దు పొడిచేదాకా ఎవరూ పొమ్మనరనీ చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు.

"బడేమియా, అందరి షహర్ అడుగుతున్నవు. నీ షహర్ సంగతి నేను చెప్పనా? నేను ఈడ దిగిన రాత్రి వాన. ఒక అరుగు ఎక్కితే లేపిన్రు. ఇంకోటి ఎక్కితే లేపిన్రు. ఆఖరుకు నది మీది పులు కింద నిలబడ్డ, పొద్దుగాల దాకా."

అతని గొంతులో కోపం లేదు. అందుకే మాకు ఎటు చూడాలో తెలియలేదు. తాతయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అక్కే అంది, తల దించుకునే: "భాయ్, యాకుత్‌పురాల మాది రెండిండ్ల అరుగు. టేసన్ దిగి ఎవ్వల్నడిగినా చెప్తరు. ఆడ పండుకుంటే ఎవ్వరు లేపరు."

"మీ అమ్మ లేపదా? మీ నాయన?"

"నేను చెప్పిన గద. లేపరు."

కాబూలీవాడు ఆమెను చూసి గట్టిగా నవ్వాడు. "గా మాట అప్పుడు చెప్పేదుండె బహెన్," అన్నాడు. ఇంగువ ముద్ద ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

తిరుగు దారిలో తాతయ్య టాంగా మాట్లాడాడు. ఇల్లు చేరాక అక్క నడింట్లో కూర్చుని మూట విప్పి, ఖర్జూరం, చక్కెర గడ్డ, దారం, ఇంగువ బియ్యంలో పెట్టి మళ్ళీ కట్టింది. ఆ ఎర్ర దారంతోనే ముడికి పైన ఇంకో చుట్టు చుట్టింది. ఇక తీసుకుపోవచ్చు, దోషం లేదు అన్నాడు తాతయ్య. ఆమె మూటను మళ్ళీ గోడకు ఆనించింది.

"ఉండనియ్యి తాతా. పొయ్యే పొద్దు నేనే ఎత్తుకుంట," అంది.

అలాగే ఎత్తుకుంది. స్టేషనులో రైలు కదిలేటప్పుడు ఆమె కళ్ళు వాచి ఉన్నాయి గానీ మూటను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. కొన్నాళ్ళకు రాసింది: ఓడ దిగిన రోజు ఆయన నిజంగానే రాలేదట. మిల్లులో సెలవు దొరకలేదట. రేవులో మూటలు మోసే మనిషి భార్య, తెలుగుదే, తన చాపలో సగం ఇచ్చిందట. తాతయ్య ఆ ఉత్తరం మాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు.

బయలుదేరిన మూటకు నాలుగు రాజధానుల దోష పరిహారం ఏ శాస్త్రంలోనూ లేదని, పెద్దయ్యాక పురోహితుణ్ణి అడిగి తెలుసుకున్నాను. నేను నవ్వుకున్నాను గానీ, ఆ సరికి నవ్వేందుకు తాతయ్య లేడు.

అంతకు ముందే, తాతయ్య ఉండగానే, యుద్ధం వచ్చింది. రంగూన్ మీద బాంబులు పడ్డాయన్నారు. ఉత్తరాలు ఆగిపోయాయి. ఓడలు దొరకనివాళ్ళు అడవుల గుండా కాలినడకన వస్తున్నారన్నారు. ఒక ఎండకాలపు మధ్యాహ్నం నేను తలుపు తీసేసరికి మా అరుగు మీద ఒక మగమనిషి, అతని ముసలి తల్లి, ఒక చిన్నపిల్ల కూర్చుని ఉన్నారు. ముగ్గురి కాళ్ళూ పగిలి ఉన్నాయి. ముసలామె ఒళ్ళో ఒక మూట. రంగు వెలిసిపోయింది గానీ, దగ్గరికి వెళ్ళగానే ఇంగువ వాసన గుప్పుమంది. అది ఏ మూటో నాకు తెలిసిపోయింది.

"రెండిళ్ళ అరుగంటే ఇదేనా తల్లీ?" అంది ఆమె. "ఇక్కడ పడుకుంటే ఎవరూ లేపరని ఆ అమ్మ చెప్పిందమ్మా."

వాళ్ళది సముద్రం పక్క ఊరు. రంగూన్ పోయి రెండు తరాలైంది, వెనక్కి వస్తే ఇల్లంటూ లేదు. రేవులో అక్కకు సగం చాప ఇచ్చింది ఈ ముసలామె కోడలే. ఆ కోడలు దారిలో పోయింది. అక్క భర్తకు జ్వరమట, తగ్గగానే వెనకనే వస్తాననీ, ముందు వీళ్ళను నడవమనీ చెప్పి, గుర్తుకు మూట ఇచ్చి పంపిందట.

అక్క వాళ్ళమ్మ మూటను గుండెకు అదుముకుని లోపలికి పోయింది. తాతయ్య ముగ్గురికీ చాపలు పరిచాడు. వాళ్ళు ఆ మధ్యాహ్నం పడుకుని మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు. పాలవాడు వచ్చినా, పిల్లలు గోల చేసినా, తాతయ్య కర్ర పట్టుకుని అరుగు కొసన కూర్చుని అందరినీ సైగతో దూరం పంపించాడు. ఒక్కరినీ లేపనివ్వలేదు.

అక్క రాలేదు. ఆ ముగ్గురూ ఊళ్ళో పని చూసుకుని స్థిరపడ్డారు. అక్క మాత్రం రాలేదు. ఆ తర్వాత ఆమె కబురు తెచ్చినవాళ్ళు కూడా ఎవరూ లేరు. తాతయ్య బతికున్నంతకాలం సాయంత్రమయ్యేసరికి అరుగు ఊడ్చి ఒక చాప పరిచేవాడు. ఆయన పోయాక అది నా పని అయింది. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నిన్న ఆ చిన్న పుస్తకాన్ని మళ్ళీ తెరిచి, అంచున పెన్సిలుతో రాశాను. బగ్దాద్ పక్కన మిద్దె. తెహ్రాన్ పక్కన కాలువ గట్టు. కాబూల్ పక్కన సమోవార్ వేడి. బర్మా పుటలో రంగూన్ లేదు, రాజధాని ఇంకెక్కడికో మారిందట. చీనా మనిషి నవ్వు గుర్తొచ్చింది. ఖాళీగా ఉన్నచోట రంగూన్ పేరు నేనే రాసి, పక్కన సగం చాప అని రాశాను.

చివరి ఖాళీ పుటలో మా ఊరికి కూడా ఏదో రాద్దామని పెన్సిలు పెట్టి ఆగిపోయాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది. ఇప్పుడు గడప దిగితే నేరుగా బండ్ల రద్దీయే. పరిచే చోటు లేదు. చాప మాత్రం చుట్టి తలుపు వెనక నిలబెట్టే ఉంచాను.