చెరో చేత్తో మడిచిన కొంగ

మా ఆయనకు డయాలసిస్ మొదలైనప్పటి నుంచి కార్డిఫ్‌లో నేను చూసే ఊరంతా ఆసుపత్రి కార్ పార్కే. వారానికి మూడు మధ్యాహ్నాలు ఆ ఆసుపత్రిలోనే గడిచిపోతాయి. నేను జీపీ సర్జరీలో, అంటే మా పేట డాక్టరుగారి క్లినిక్కులో, రిసెప్షన్‌లో పనిచేస్తాను. డ్యూటీ వేళల రోటా మార్చమని మేనేజర్ని బతిమాలీ బతిమాలీ ఇక అడగడానికి మొహం చెల్లడం లేదు. సూదులు గుచ్చిన ఎడమ చెయ్యి కదపకుండా ఆయన గంటల తరబడి కుర్చీలో పడుకోవాలి. ఫోన్ చూస్తే తల నొప్పంటారు, పుస్తకం ఇస్తే విసుక్కుంటారు.

పక్క కుర్చీలో ఒక జపాన్ పెద్దావిడ ఉండేది. అలవాటు కొద్దీ ఆంటీ అనేదాన్ని. ఆవిడకు చేతికి సూదుల బదులు ఛాతీ దగ్గర గొట్టం పెట్టారు కాబట్టి రెండు చేతులూ ఖాళీ. ఎప్పుడూ రంగు కాగితాలతో కొంగలు మడుస్తూ ఉండేది. ఒకరోజు మా ఆయనకూ ఒకటి అందించింది. ఆయన తన కదలని చెయ్యి చూపించారు. ఆవిడ నావైపు తిరిగి, "మీ ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది కదా," అంది.

అలా మొదలైంది. ఆయన కుడి చెయ్యి, నా ఎడమ చెయ్యి, మధ్యన ఒక నలుచదరపు కాగితం. ఆయన అంచు పట్టుకుంటే నేను గోటితో మడత గీటాలి. ఆయనకు తొందర, నాకు చాదస్తం. పెళ్లయిన కొత్తలో కూడా అంత పోట్లాడుకోలేదు. మేం చేసిన కొంగలన్నిటికీ మెడ వంకరే, ఒక రెక్క పొట్టిదే.

ఆవిడ మడుస్తూనే కబుర్లు చెప్పేది. వాళ్ల దేశంలో వెనకటికి కాగితం ఖరీదైన వస్తువట. దేవుడికి అర్పించేవీ, పెద్దింటి కానుకలూ చుట్టడానికే మడిచేవారట. ఏ కానుకను ఎలా చుట్టాలో పద్ధతులుండేవట. కాగితం చవకయ్యాక అది ఇళ్లలోకి వచ్చి పిల్లల ఆటైంది. ఆవిడ కత్తెర, జిగురు ముట్టుకునేది కాదు. తప్పు మడిస్తే విప్పి మళ్లీ మొదలుపెట్టేది.

ఒకసారి కాగితం జారి కింద పడింది. చూసుకోకుండా తొక్కాను. చటుక్కున తీసి కళ్లకద్దుకున్నాను. నర్సు పరుగున వచ్చి, వార్డులో నేల మీది వస్తువు మొహానికి రాసుకుంటావా అని చివాట్లు పెట్టి, నాచేత చేతులూ మొహమూ కడిగించింది. కాగితమంటే మాకు సరస్వతి అని చెబితే ఆంటీ బుద్ధిగా తలూపింది. మా ఆయన మాత్రం మిషన్ బీప్ కొట్టేదాకా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

ఆ సాయంత్రమే కారులో సీటుబెల్టు పెట్టుకుంటూ, "శుక్రవారం నేను రాను. ఇక ఆపేద్దామనుకుంటున్నా," అన్నారు.

ఇక్కడ రోగి వద్దంటే ఆపేస్తారు, బలవంతం చెయ్యరు. ఆపేస్తే ఎన్నాళ్లో ఉండరని మా ఇద్దరికీ తెలుసు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇందాకే కదా అంతలా నవ్వారు."

"నవ్వాను. అయినా నా వల్ల కావట్లేదు."

శుక్రవారం ఆయన చెప్పులు వేసుకోకుండా సోఫాలో కూర్చున్నారు. ఏం చెయ్యాలో తోచక ఎదురుగా కూర్చుని కాగితం తీసి, నా రెండు చేతులతో మడిచాను. చిటికెలో అయిపోయింది. మెడ సూటిగా ఉంది, రెక్కలు సమానంగా ఉన్నాయి.

"బాగా వచ్చిందే," అన్నారు.

"ఒక్కదాన్నే చేస్తే బాగానే వస్తుంది. నాకొద్దు." కొంగను ఆయన ఒళ్లో పెట్టాను. "మీకు ఓపిక లేదని తెలుసు. నాకూ లేదు. అయినా రండి. నా కోసం రండి."

ఆయన వంగి చెప్పులు వేసుకున్నారు. తర్వాత, "కోటు ఎక్కడ పెట్టావు?" అన్నారు.

తెచ్చి తొడిగాను. సూదుల చెయ్యి నొక్కుకోకుండా మెల్లగా దూర్చాను. అంత అలిసిపోయిన మనిషిని ఇంకొన్నాళ్లు ఉండమనడం ప్రేమో, ఒంటరిగా ఉండాలంటే నాకున్న భయమో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు అడిగితే సరిపోతుందనుకున్నాను. వెళ్లాల్సిన ప్రతిసారీ అడగాల్సి వస్తోంది. నిన్న కూడా అడిగాను.