తాతయ్య మిషను సిగరెట్టు, రత్నమత్త పెళ్ళిచూపులు

మా చిన్నప్పుడు... మిరపకాయల కాలం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ కల్లంలోనే. ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ పొద్దస్తమానం ఆ ఎర్రటి రాశుల మధ్యే ఉండేవాళ్ళం. కొత్తవాళ్ళెవరైనా కాసేపు కూర్చుంటే ముక్కూ కళ్ళూ ఏకమైపోయేవి... మాకు మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

ఆ కల్లంలో మా తాతయ్య దొర. ఎందుకంటే ఆయన బనీను జేబులో సిగరెట్లు చుట్టే మిషనుండేది. ఓడల్లో పనిచేసే చుట్టం ఒకాయన ఏ దేశం నుంచో తెచ్చిచ్చాడట. అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు రేకు డబ్బా... లోపల పక్కపక్కన రెండు కడ్డీలు, వాటికో గుడ్డ పట్టీ. మధ్యలో పొగాకు వేసి బొటనవేళ్ళతో తిప్పాలి. తర్వాత పల్చటి కాగితం దూర్చి, దాని అంచునున్న జిగురుని నాలుకతో తడిపి మళ్ళీ తిప్పితే... కొట్లో కొన్నట్టు నున్నటి సిగరెట్టు వచ్చేది. ఊరంతా చుట్టలు కాల్చే రోజులవి... ఇక ఆయన గర్వం ఏమని చెప్పను.

"చుట్టకీ దీనికీ పోలికేంది? ఘాటు చూడు, నెత్తికెక్కుద్ది" అనేవాడు, దగ్గుతూ. అది మిషను గొప్పదనమే అనుకున్నాం అందరం.

ఆ రోజుల్లోనే మా రత్నమత్తకి చీరాల సంబంధం వచ్చింది. అబ్బాయి హైస్కూలు మాస్టారు. అంతకుముందు వచ్చిన సంబంధాలు శకునాల దగ్గరే చెడిపోయాయి... ఒకసారి పిల్లి ఎదురొచ్చిందని, ఇంకోసారి మాటల మధ్యలో ఎవరో తుమ్మారని లేచి వెళ్ళిపోయారు. ఈ పెళ్ళికొడుకు తండ్రికి ఆ పట్టింపు మరీ ఎక్కువని మధ్యవర్తి ముందే చెప్పాడు.

అత్త ఆ అబ్బాయిని ఓ తిరునాళ్ళలో చూసిందట. నచ్చాడట. నాకు జడ వేస్తూ చిన్నగా అంది... "ఈసారైనా ఎవరూ తుమ్మకుండా ఉంటే బాగుండునే." పాపం, అంతకు మించి ఏం కోరుకోలేదు.

నాయనమ్మ రంగంలోకి దిగింది. ఇంట్లో ఉన్న మిరపకాయల బస్తాలన్నీ కల్లానికి పంపేసింది. పిల్లిని గంప కింద మూసింది. జలుబు చేసిన మా చిన్నాన్నని ఆ పూటకి ఏకంగా సింగరాయకొండ పంపేసింది. వంటల్లో కూడా మిరపకాయ ఊసే లేదు... గుంటూరు జిల్లాలో అలాంటి వంట అదే మొదలూ అదే చివరా అయ్యుంటుంది. తాతయ్యకి తలంటు పోయించి, ఇస్త్రీ చొక్కా తొడిగించింది. బనీను జేబులోని మిషను చొక్కా జేబులోకి మారిన సంగతి మాత్రం ఆవిడ చూసుకోలేదు.

వచ్చారు. వసారాలో కూర్చున్నారు. పెళ్ళికొడుకు తండ్రికి సిగరెట్టు అలవాటుందని తెలిసి తాతయ్య మొహం వెలిగిపోయింది. మిషను తీసి, పొగాకు వేసి, తిప్పి, కాగితం దూర్చి... అక్కడాగాడు. తను తడిపితే ఎంగిలి. కాబోయే వియ్యంకుడికి ఎంగిలి సిగరెట్టు ఇస్తారా ఎవరైనా?

అందుకని మిషను తీసుకెళ్ళి ఆయన మూతి ముందు పట్టాడు. "మీరే తడపండి బావగారూ."

ఇంకా సంబంధమే కుదరలేదు, అప్పుడే బావగారు... ఆయన మొహమాటపడి వంగి, నాలుక చాపి, ఆ చివర నుంచి ఈ చివర దాకా రాశాడు. తాతయ్య తిప్పి, తీసి, అగ్గిపుల్ల గీసి మరీ ముట్టించాడు.

పెద్దాయన ఒక దమ్ము గట్టిగా లాగాడు... అంతే. కళ్ళు ఎర్రబడ్డాయి. దగ్గు. ఆ వెనకే తుమ్ము. ఆ పొగకి పక్కనున్న ఆయన భార్య తుమ్మింది. పెళ్ళికొడుకు తుమ్మాడు. మధ్యవర్తి తుమ్ముతూనే చెప్పులేసుకున్నాడు. మా ఇంటివాళ్ళం మాత్రం ఒక్కరం కూడా తుమ్మకుండా నిమ్మళంగా చూస్తూ నిలబడ్డాం.

నాయనమ్మ ఆ డబ్బా లాక్కుని విప్పింది. కడ్డీల నిండా ఎర్రటి మిరప పొడి... గుడ్డ పట్టీలో గింజలు. కల్లంలో రోజుల తరబడి బనీను జేబులో ఉంటే మరేమవుతుంది! ఇన్నాళ్ళూ తాతయ్య నెత్తికెక్కిన ఘాటు అదన్నమాట.

పెళ్ళికొడుకు తల్లి కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "ఇన్ని తుమ్ములా? ఇక పదండి" అంది. తలుపు వెనకాల అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు నాయనమ్మ తొణక్కుండా బెణక్కుండా అంది...

"కూర్చోండి వదినగారూ. దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తే, ఘాటు రాకపోతే గదా భయపడాల్సింది? ఇంత ఘాటొచ్చిందంటే మీ అబ్బాయికీ మా పిల్లకీ ఎవరి దిష్టీ లేనట్టే. ఇంతకన్నా మంచి శకునం ఇంకేముంటదండీ?"

ఆవిడ ఆలోచనలో పడింది. తుమ్ము పెద్దదా, దిష్టి పెద్దదా... తేల్చలేక మొగుడి వంక చూసింది. ఆయన నాలుక మండిపోయి మాట్లాడే స్థితిలో లేడు. ఇంతలో అత్త ఎవరూ పిలవకుండానే మజ్జిగ చెంబుతో బయటికొచ్చింది. ఆయన గటగటా తాగి, ఇంకా కావాలన్నట్టు గట్టిగా తలాడించాడు.

"బావగారు ఒప్పేసుకున్నారు" అంది నాయనమ్మ.

ఆయన కాదనే లోపల నాయనమ్మ అందరి నోట్లో బెల్లం పెట్టేసింది. ఆ వైశాఖంలోనే పెళ్ళి.

మావయ్య ఇప్పటికీ అంటుంటాడు... "కళ్ళనిండా నీళ్ళు. మీ అత్త మొహం ఆ రోజు మసగ్గా కూడా కనపళ్ళేదు. చూడకుండానే సరేనన్నా. తర్వాత చూసుకోవడానికి బోలెడు టైముందిగా!"

మొన్న మా అమ్మాయి ఫోనులో సంబంధాలు చూస్తోంది... అబ్బాయి ఎత్తు, జీతం, ఇల్లు, కారు, తిరిగిన ఊళ్ళు, నవ్వే వీడియో... ఒక్కొక్కరినీ వేలితో పక్కకి తోసేస్తోంది. అన్నీ ముందే చూసేస్తున్నారు... ఇక పెళ్ళయ్యాక చూసుకోవడానికి ఏం మిగులుతుందో ఏమో.

మీ ఇళ్ళల్లో చెడిపోబోయి కుదిరిన సంబంధాలేమైనా ఉన్నాయా? ఉంటే చెప్పండి... కాసేపు నవ్వుకుందాం.