సెలూన్‌లో నల్లపావులు

ఆ సెలూన్‌లో తెల్లపావులు ఎప్పుడూ వచ్చినవాళ్ళవే. నల్లవి సెలూనాయనవి. షాపుకొచ్చిన మనిషిని ముందు కూర్చోమనాలి, మొదటి ఎత్తు వెయ్యమనాలి. అది ఆయన మర్యాద.

చెయ్యి వణుకుతోందని ఇప్పుడు కత్తి పట్టడం మానేశాడు. కుర్చీల పని కొడుకు చూసుకుంటున్నాడు. బెంచీ మీద చదరంగం మాత్రం ఆయనదే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు, ఇంకెక్కడైనా నల్లపావులొస్తే ఏం ఆడాలని అడుగుతారు. మంత్రి పక్కనున్న శకటు ముందరి బంటును ఒక్క గడి జరపమంటాడు.

"ఒక్క గడేనా?"

"తొందరేముంది?"

ఆ నిదానం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. వెనకటికి ఒక లైన్‌మన్ ఓడించి ఓడించి నేర్పాడు.

లైన్‌మన్ మధ్యాహ్నం స్తంభాలు దిగి వచ్చేవాడు. నిచ్చెన గోడకు ఆనించి, అద్దంలో మీసం దువ్వుకుని, రాజు ముందరి బంటును రెండు గడులు తోసేవాడు. ఈయనా అంతే తోసేవాడు. ఆట వేడెక్కేలోగా ఎవరో ఒకరు గడ్డానికి వచ్చేవారు. పని ముగించి నురగ చేతులతో తిరిగొచ్చేసరికి, తను ఏమనుకున్నాడో ఈయనకు గుర్తుండేది కాదు. అవతల మంత్రీ శకటూ కలిసి, రాజు పక్కనున్న బంటు మీద కన్నేసి ఉండేవి. కాసేపటికి ఆట కట్టు.

"నువ్వు గడ్డం గీసినంత నున్నగా ఓడిపోతావు బావా," అనేవాడు లైన్‌మన్. వాళ్ళకు చుట్టరికం లేదు. పిలుపే చుట్టరికం.

ఒకరోజు మీసం మెలేసి అన్నాడు. "నా చేతిలో ఓడకుండా ఒక్క ఆట ముగించావంటే, ఇది నీ కత్తికే."

ఏళ్ళు గడిచాయి. మీసం నెరిసింది గానీ కత్తి దాకా రాలేదు.

ఒక చలికాలం లైన్‌మన్‌కు దూరపు ఊరికి బదిలీ వచ్చింది. సెలూనాయనకు మీసం మీద ఆశ లేదు. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషి తనను ఒక్కసారైనా సాటివాడిగా చూసి వెళ్ళాలి. అదొక్కటే లోపల ముల్లులా ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే మందుల కంపెనీ ఏజెంటొకాయన గడ్డానికి కూర్చుని, అద్దంలో వాళ్ళ ఆట చూశాడు. లైన్‌మన్ వెళ్ళగానే అన్నాడు.

"మీరు ఆడేది పనిలేనివాళ్ళ ఆటండీ. మధ్యలో లేచిపోయేవాళ్ళకు గట్టి గోడ కావాలి."

సగం గడ్డంతోనే లేచి వచ్చి చూపించాడు. "ముందు ఈ బంటు ఒక్క గడి. తర్వాత మంత్రి ముందరిది రెండు గడులు. దాన్ని తెల్లబంటు కొట్టిందా, ఇది తిరిగి కొడుతుంది. ఈ శకటును బయటికి తెచ్చాకే రాజు ముందరి బంటును జరపండి. మనిషిని లోపల పెట్టి తాళం వెయ్యకూడదు."

దానికి కారో-కాన్ అని పేరట. సెలూనాయన ఆ గడ్డానికి డబ్బు పుచ్చుకోలేదు.

ఆఖరి రోజు లైన్‌మన్ వచ్చాడు. నిచ్చెన లేదు, ఆఫీసులో అప్పగించేశాడు. నల్లబంటు ఒక్క గడి కదలగానే నవ్వాడు.

"జడిశావా బావా?"

"చలి గదా. ముడుచుకుంటున్నా."

మధ్యలో ఇద్దరు గడ్డానికి వచ్చారు. ఈయన లేచి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ గోడ ఉన్నచోటనే ఉంది. లైన్‌మన్ మంత్రికి కన్నేయడానికి సందు దొరకలేదు. పావులు ఒక్కొక్కటే బల్ల దిగిపోయాయి. చివరికి రాజులిద్దరూ, ఎదురెదురుగా ఇరుక్కుపోయిన బంట్లూ మిగిలాయి. ఎవరికీ దారి లేదు.

లైన్‌మన్ చాలాసేపు చూశాడు.

"డ్రా," అన్నాడు. ఆ మాట అతని నోట వినడం అదే మొదలు.

లేచి వెళ్ళి కుర్చీలో కూర్చుని, గడ్డం పైకెత్తాడు. "కానీ. మాటంటే మాటే." కళ్ళు మూసుకున్నాడు.

సెలూనాయన బ్రష్షు తడిపి మీసానికి నురగ పట్టించాడు. కత్తికి పదును పెట్టాడు. అద్దంలోకి చూశాడు. కత్తి మడిచి, తువ్వాలుతో నురగ తుడిచేశాడు.

లైన్‌మన్ కళ్ళు తెరిచి మూతి తడుముకున్నాడు. "ఇదేంటి?"

"తీసేస్తే పందెం తీరిపోతుంది బావా. ఉండనీ. దీనికోసమైనా మళ్ళీ రావాలి గదా."

లైన్‌మన్ కుర్చీలోంచి లేచాడు. మీసం ఒకసారి దువ్వుకుని, చెప్పులేసుకుని, వీధిలోకి దిగాడు. ఒక కొసన కాస్త నురగ ఉండిపోయింది. సెలూనాయన చూశాడు, చెప్పలేదు.